సర్పంబు పడగ నీడను: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వరద, ఉప్పెన, అగ్నిపర్వతం, క్రూరమృగం వంటి ప్రమాదాలు ఎక్కడున్నాయో తెలిసి కూడా మనుషులు, ఇతర ప్రాణులు వాటి పక్కనే ఎందుకు కాపురం పెడతాయన్నది ఆ విషయం. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఎప్పుడూ తప్పులు వెదికే యజమానిని కొలవడం పాము పడగ నీడలో కప్ప కాపురం వంటిదని సుమతీ శతకం చెబుతుంది. శృంగేరిలో మాత్రం, ప్రసవవేదన పడుతున్న కప్పకు ఎండ తగలకుండా నాగుపాము పడగ పట్టడం చూసి శంకరాచార్యులు అక్కడ పీఠం నెలకొల్పారని స్థలపురాణం. ఒకటి హెచ్చరిక, రెండోది మహిమ. పిల్లలకు ఏది చెప్పాలి? (తెలుగు ఉపాధ్యాయురాలు, విజయనగరం)

సమాధానం: రెండూ చెప్పండి, ఎందుకంటే రెండూ ఒకే నిజం మీద నిలబడ్డాయి. పాముకు కప్ప ఆహారం. ఆ నిజం లేకపోతే పద్యంలో భయమూ ఉండదు, స్థలపురాణంలో ఆశ్చర్యమూ ఉండదు.

అయితే పద్యాన్ని పిల్లల చేత చదివించేటప్పుడు ఒక క్రియ దగ్గర కొంచెం ఆగండి. "సర్పంబు పడగ నీడను గప్ప వసించిన విధంబు" అన్నాడు కవి. నిలిచిన అనలేదు, వసించిన అన్నాడు. అంటే కాపురం పెట్టడం. శృంగేరి కప్ప అక్కడ కాపురం పెట్టలేదు. మండుటెండలో, కదలలేని స్థితిలో, కాసేపు నీడ పొందింది. ఆపదలో శత్రువు పక్కన కాసేపు నిలబడటానికీ, ఆ చోటునే ఇల్లు చేసుకోవడానికీ ఉన్న తేడాను ఈ రెండు కథలూ కలిసి చూపుతాయని నాకు అనిపిస్తుంది.

వీటి మధ్యకు మూడో కథను కూడా తీసుకురండి. మహాభారతం శాంతిపర్వంలో, ఆపద్ధర్మాలు చెబుతూ భీష్ముడు ధర్మరాజుకు వినిపించిన ఎలుక కథ అది. ఒక మర్రిచెట్టు మొదట్లో కన్నం చేసుకొని పలితుడనే ఎలుక, కొమ్మల మీద లోమశుడనే పిల్లి ఉండేవి. ఒక రాత్రి పిల్లి వేటగాడి వలలో చిక్కింది. పగవాడు చిక్కాడన్న ధీమాతో ఎలుక వల మీదికెక్కి ఎరగా పెట్టిన మాంసం తింటూ చుట్టూ చూస్తే, నేల మీద ముంగిస, కొమ్మ మీద గుడ్లగూబ తన కోసమే కాచుకొని ఉన్నాయి. అప్పుడది వలలో ఉన్న పిల్లితోనే ఒప్పందం చేసుకొని, తాళ్లు కొరికి విడిపిస్తానని మాటిచ్చి, దాని ఒడిలోకే చేరింది. అది చూసి ముంగిస, గుడ్లగూబ ఆశ వదులుకున్నాయి. ఇక పిల్లి ఎంత తొందరపెట్టినా ఎలుక తాళ్లను నెమ్మదిగా ఒక్కొక్కటే కొరుకుతూ, చివరి తాడును మాత్రం వేటగాడు దగ్గరకు వచ్చేదాకా కొరకలేదు. ఆ క్షణంలో పిల్లికి తన ప్రాణం దక్కించుకోవడం తప్ప ఎలుకను పట్టుకునే తీరిక ఉండదని దానికి తెలుసు. పిల్లి చెట్టెక్కింది, ఎలుక కన్నంలో దూరింది. తరువాత పిల్లి స్నేహితుడా అని ఎంత తీయగా పిలిచినా ఎలుక బయటకు రాలేదు.

ప్రమాదానికి దగ్గరగా ఉండక తప్పనప్పుడు ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు తప్పుకోవాలో ఈ ఎలుకకు తెలిసినంత స్పష్టంగా మరే పాత్రకూ తెలియదు. కింది జవాబులలో కూడా ఈ ఎలుక నాకు గుర్తుకు వస్తూనే ఉంటుంది.

ప్రశ్న: మొసలి నోట్లో దూరి పళ్లు శుభ్రం చేసే పిట్ట ఉందని చదివాను. అది నిజమేనా? నిజంగా ప్రమాదం పక్కనే ఉండే పక్షులు ఇంకా ఉన్నాయా? (పదో తరగతి విద్యార్థి, టెక్కలి)

సమాధానం: మొసలి నోట్లో దూరే పిట్ట కథను రెండున్నర వేల ఏళ్ల కింద గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. అప్పటి నుంచి పుస్తకం వెంట పుస్తకంలోకి నడుస్తూనే ఉంది గానీ, దానికి నమ్మదగిన ప్రత్యక్ష సాక్ష్యం లేదు. దానిని వదిలేద్దాం.

నిజమైన ఉదాహరణ సైబీరియా ఉత్తరపు మంచు మైదానాల్లో ఉంది. ఎర్ర రొమ్ము పెద్దబాతులు అక్కడ నేల మీదే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లకు పెద్ద శత్రువు మంచునక్క. ఆ బాతులు తరచుగా పెరిగ్రిన్ డేగ గూటికి దగ్గరలో తమ గూళ్లు కట్టుకుంటాయి. పక్షులను గాలిలోనే కొట్టి చంపి తినే వేటగత్తె నీడలో పిల్లల్ని పెంచడమేమిటని నీకు అనిపించవచ్చు. డేగ తన గూటి చుట్టుపక్కలకు నక్కను రానివ్వదు, పైనుంచి దూకి తరిమికొడుతుంది. డేగ పిల్లలకు దొరికే ఆ కాపలా బాతు గుడ్లకు కూడా దక్కుతుంది. ఇందులో అసలు కిటుకు దూరం ఎంచుకోవడం. మరీ దగ్గరైతే డేగ బాతు మీదికే వస్తుంది, మరీ దూరమైతే నక్క వస్తుంది.

అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కొంగలు నీటి మధ్య చెట్ల మీద గూళ్లు పెడతాయి. కింద నీటిలో అలిగేటర్లు, అంటే ఒక జాతి మొసళ్లు, తిరుగుతుంటాయి. వాటికి భయపడి గుడ్లు దొంగిలించే రకూన్ అనే జంతువు ఈదుకుంటూ రాదు. కానీ గూటి నుంచి జారిపడిన కొంగపిల్ల మొసలికే పోతుంది. కొంగలు కట్టే అద్దె అది. కొంచెం కఠినంగా ఉన్నా, గూడంతా పోగొట్టుకోవడం కంటే ఒక పిల్లను పోగొట్టుకోవడం వాటి వంశానికి లాభమే అయింది కాబట్టి ఆ అలవాటు నిలిచింది.

నువ్వు టెక్కలి నుంచి రాశావు కాబట్టి నీకు దగ్గరి సంగతి కూడా చెబుతాను. పక్కనే ఉన్న తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీదే గూళ్లు పెట్టి పిల్లల్ని లేపుతాయి. రాయలసీమలో చిలమత్తూరు దగ్గర వీరాపురంలోనూ అంతే. వీటిని సైబీరియా పక్షులని అంటుంటారు గానీ, ఎర్రకాళ్ల కొంగ మన దక్షిణాసియా పక్షే. పక్షికి మనిషి కంటే పెద్ద ప్రమాదం లేదు. ఆ ఊళ్లలో ఆ పక్షులు రావడం శుభమని నమ్మి, వాటి మీద ఎవరూ రాయి వేయరు. నువ్వు వెళ్లినప్పుడు ఆ చెట్ల కింద నిలబడి ఎన్ని గూళ్లు ఇళ్లకు దగ్గరగా ఉన్నాయో, ఎన్ని చెరువు వైపు ఉన్నాయో లెక్క రాసి పంపు.

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఇటలీలో ఉంటున్నాను. నేపుల్స్ నుంచి చూస్తే వెసూవియస్ అగ్నిపర్వతం వాలు మీదికి ఇళ్లు పాకుతూ కనబడతాయి. పాంపే శిథిలాలను చూసి వచ్చిన వారే సాయంత్రం ఆ ఇళ్లలో పడుకుంటారు. ఇంత చరిత్ర తెలిసీ ఇదెలా సాధ్యం? (ఒక పాఠకుడు, నేపుల్స్)

సమాధానం: క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి పాంపే నగరాన్ని బూడిదలో పూడ్చినప్పుడు అక్కడి ప్రజలకు అది అగ్నిపర్వతమన్న అనుభవం లేదు. క్రీ.శ. 62లో వచ్చిన భూకంపానికి దెబ్బతిన్న ఇళ్లను ఇంకా బాగుచేసుకుంటూనే ఉన్నారు. ఆ భూకంపం కొండ లోపలి కదలికతో ముడిపడి ఉండవచ్చని ఊహించగల శాస్త్రం ఆనాడు లేదు. కాబట్టి వారిని తెలియనివారని అనవచ్చు. ఇప్పటివారిని అలా అనలేము. ప్రమాద పరిధిగా గుర్తించిన ప్రాంతంలో 6 లక్షలకు పైగా మనుషులు ఉన్నారు. ప్రపంచంలోనే మొట్టమొదటి అగ్నిపర్వత పరిశీలన కేంద్రం 1841లో ఆ కొండ మీదే వెలిసింది. 72 గంటల్లో ఆ ప్రాంతాన్ని ఖాళీ చేయించే ప్రణాళిక కూడా సిద్ధంగా ఉంది.

వారు అక్కడ ఉండటానికి మొదటి కారణం మన్ను. అగ్నిపర్వతపు బూడిద కాలక్రమంలో శిథిలమై పొటాషియం, భాస్వరం వంటి పోషకాలున్న సారవంతమైన నేలగా మారుతుంది. ఆ వాలులో ద్రాక్ష, టమాటా, నేరేడుపండు రంగు వంకాయ, ఏది వేసినా పండుతుంది. చంపగల కొండే అన్నం పెడుతోంది. రెండో కారణం నగరం. నేపుల్స్ పెరుగుతూ పెరుగుతూ కొండ దాకా వచ్చింది, అద్దె తక్కువైన చోట ఇల్లు వెతుక్కునేవారు అక్కడికే చేరారు. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, కాలం. ఆ కొండ చివరిసారిగా 1944 మార్చిలో, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా పేలింది. దానిని కళ్లారా చూసి గుర్తుంచుకున్నవారు ఇప్పుడు చాలా కొద్దిమంది.

మీకు వీలైతే పోర్టిచీ అనే పట్టణానికి వెళ్లండి. 1631 డిసెంబరులో వెసూవియస్ పేలి వేలమంది చనిపోయిన తరువాత అక్కడ లాటిన్‌లో ఒక శిలాశాసనం నిలిపారు. "రాబోయే తరాల వారలారా, రాబోయే తరాల వారలారా, ఇది మీ సంగతే" అన్న అర్థంతో అది మొదలవుతుంది. కొండ పొగ కక్కగానే ఇల్లూ వాకిలీ వదిలి పారిపొమ్మని చెబుతుంది. ఆ శాసనం ఉన్న పోర్టిచీ ఇవాళ ఇటలీలోనే అత్యంత జనసాంద్రత గల పట్టణాలలో ఒకటి. రాయి చెప్పవలసింది చెప్పింది, వినవలసిన చెవులు మారిపోయాయి.

ప్రతిచోటా అలాగే జరుగుతుందని మాత్రం అనుకోకండి. జపాన్‌లో ఇవాతె ప్రాంతపు తీరాన అనెయోషి అనే చిన్న ఊరు ఉంది. 1896లో, మళ్లీ 1933లో సునామీ ఆ ఊరిని దాదాపు తుడిచిపెట్టింది, ప్రతిసారీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే మిగిలారు. 1933 తరువాత వారు కొండ దారిలో ఒక రాయి పాతి, ఇక్కడి కంటే దిగువన ఇల్లు కట్టవద్దని చెక్కించారు. ఆ మాటను ఆ ఊరు నిలబెట్టుకుంది. 2011 మార్చి 11న వచ్చిన సునామీ ఆ రాతికి కొద్ది దూరం దిగువనే ఆగింది, ఊరి ఇళ్లు నిలిచాయి. అనెయోషివారూ సముద్రాన్ని వదలలేదు, చేపల వేట మానలేదు. రాత్రి పడుకునే చోటును మాత్రం మార్చుకున్నారు.

ప్రశ్న: ఏటా గోదావరి వరదలో లంక గ్రామాల వారిని పడవల మీద తరలించడం, నీరు తీయగానే వారు మళ్లీ అక్కడికే వెళ్లడం టీవీలో చూస్తూనే ఉన్నాం. ప్రజాధనం ఇలా ఎన్నాళ్లు ఖర్చు చేయాలి? గట్టున స్థలం ఇచ్చి శాశ్వతంగా తరలిస్తే సరిపోదా? (ఒక ఇంజనీరు, హైదరాబాదు)

సమాధానం: మీ ప్రశ్నలో కోపం ఉంది. దాని వెనుక ఉన్న ఆదుర్దాను నేను గౌరవిస్తాను. కానీ "మళ్లీ అక్కడికే" అన్న మాట దగ్గర మీతో విభేదించక తప్పదు.

లంక అంటే నది తెచ్చిపోసిన ఒండ్రు. వరద వచ్చిన ప్రతిసారీ మునుగుతుంది, మునిగిన ప్రతిసారీ కొత్త ఒండ్రు పేరుకుంటుంది. పొగాకు, అరటి, మొక్కజొన్న, కూరగాయలు ఆ నేలలో పండినట్టు చాలాచోట్ల పండవు. వెసూవియస్ వాలులో బూడిద చేసే పనిని ఇక్కడ ఎర్రనీరు చేస్తుంది. లంక రైతుకు గట్టున ఇంటి స్థలం ఇవ్వగలరు గానీ, ఆ పొలాన్ని గట్టుకు తేలేరు. పశువులు లంకలో, మనిషి గట్టున ఉంటే వ్యవసాయం సాగదు. ఇల్లు ఎత్తైన అరుగు మీద కట్టుకోవడం, ధాన్యాన్ని అటక మీదికి చేర్చడం, పడవను సిద్ధంగా ఉంచుకోవడం వారికి తరతరాలుగా తెలిసిన పనులు.

వారికి నది భాష కూడా తెలుసు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలం దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ ఒక రోజే లంకవారి ఊపిరి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. 86 వరద ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి లంకలోనూ ఒక పెద్దాయన చెయ్యెత్తి చూపించగలడు.

ఇప్పుడు దీని పక్కన దివిసీమను పెట్టి చూడండి. కృష్ణానది పాయలై సముద్రంలో కలిసే ఆ నేలను 1977 నవంబరు 19న ఉప్పెన ముంచేసింది. తుపాను చీరాల వైపు తీరం దాటింది, దివిసీమ దానికి కుడిపక్కన పడింది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది కాబట్టి, తుపాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల మీది నుంచి సముద్రంలోకి తోస్తుంది. బంగాళాఖాతపు తీరంలో లోతు తక్కువ కావడంతో, తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది. అలా లేచిన దాదాపు 5 మీటర్ల నీటిగోడ సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ల మీదుగా మైళ్ల కొద్దీ లోపలికి వచ్చింది. దాదాపు 10,000 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువేనని ఆనాడు చూసినవారు చెబుతారు.

దివిసీమ వారు లంకవారి కంటే తెలివితక్కువ వారు కారు. తేడా ఎక్కడుందంటే, గోదావరి ఏటా వస్తుంది, ఉప్పెన అలా రాదు. దివికి పొరుగునే ఉన్న మచిలీపట్నాన్ని 1864 నవంబరులో ఉప్పెన ముంచి దాదాపు 30,000 మందిని బలిగొంది. 1864కీ 1977కీ నడుమ 113 సంవత్సరాలు, అంటే నాలుగు తరాలు. ముత్తాత చూసినదాన్ని మునిమనుమడు కథగా కూడా వినలేదు. ఏటా వచ్చే ప్రమాదం మనిషికి నేర్పుతూ వస్తుంది. నూరేళ్లకొకసారి వచ్చేది నేర్చుకునే అవకాశం ఇవ్వకుండా చంపుతుంది. కాబట్టి ఇంజనీరుగా మీరు ఆందోళన పడవలసింది పడవ ఎక్కి వచ్చి తిరిగి వెళ్లే లంక రైతు గురించి కాదు, తీరానికి ఆనుకొని, ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అని కట్టుకుంటూ పోతున్న కొత్త కాలనీల గురించి.

ఖర్చు సంగతి అడిగారు. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన మహాతుపానులో దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరు 12న అదే ఒడిశా తీరాన, గోపాల్‌పూర్ దగ్గర, ఫైలిన్ అనే తుపాను తీరం దాటినప్పుడు ఒడిశాలోనూ మన ఉత్తరాంధ్రలోనూ కలిపి లక్షల మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. నడుమ ఆ పద్నాలుగేళ్లలో కట్టిన తుపాను షెల్టర్లు, వేసిన రోడ్లు, ఊరూరా జరిగిన శిక్షణ ఈ తేడాను తెచ్చాయి. తరలింపు ఖర్చు వృథా అని నేను ఏనాటికీ ఒప్పుకోను. మడ అడవులు నిలిచి ఉన్నచోట ఉప్పెన తాకిడి తగ్గుతుందని కూడా ఒడిశా అనుభవమే చూపింది. చేపల చెరువుల కోసం, రొయ్యల చెరువుల కోసం వాటిని నరికిన ప్రతి ఎకరానికీ లెక్క అడగవలసిన బాధ్యత మీ వంటి చదువుకున్నవారిది.

ప్రశ్న: మా అమ్మమ్మది నాగాయలంక వైపు ఊరు. 1977 ఉప్పెనలో తాటిచెట్టును పట్టుకొని బతికింది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకుంది. నవంబరు వస్తే ఇప్పటికీ రాత్రిళ్లు సరిగా నిద్రపోదు. అయినా హైదరాబాదు రమ్మంటే రాదు. ఎలా ఒప్పించాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని నేను చాలాసార్లు చదువుకున్నాను. ఆమెను ఊరు వదలమని ఒప్పించే ప్రయత్నం మానండని చెప్పడానికి నాకు కొంత ధైర్యం కావలసి వచ్చింది. ఆ ఇద్దరు పిల్లలూ ఆ మట్టిలోనే ఉన్నారు. ఆమె ఊరిని పట్టుకొని ఉండటం మొండితనం అని నాకు అనిపించడం లేదు.

దానికి బదులు ఆమె దగ్గర ఒక మాట తీసుకోండి. హెచ్చరిక రాగానే, అది ఎన్నోసారి అబద్ధమైనా సరే, షెల్టరుకు నడవాలి. మచిలీపట్నం రేవులో పెద్ద ప్రమాద సూచిక ఎగరేసేదాకా ఆగకూడదు, పగటి వెలుగు ఉండగానే కదలాలి. ఆమె కదలకపోవడానికి కారణం ఎక్కువగా గొడ్లే అయి ఉంటాయి. వాటిని షెల్టరుకు తీసుకుపోలేకపోతే తలుగులు విప్పి వదిలేయమనండి. కట్టుకొయ్యకు ఉన్న పశువు నిలబడిన చోటే మునిగిపోతుంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి తలుపు పక్కన వేలాడదీయండి. బండి ఉన్న పొరుగింటి కుర్రవాడికి ముందే చెప్పి, అతని నంబరు మీ దగ్గర ఉంచుకోండి. గాలి ఒక్కసారిగా ఆగిపోయినా అది తుపాను కన్ను దాటుతున్న సమయం కావచ్చునని, కాసేపటికి ఎదురుదిశ నుంచి మళ్లీ మొదలవుతుందని, బయటకు రావద్దని చెప్పండి. ఆమెకు ఇది మీకంటే బాగా తెలిసి ఉంటుంది, అయినా చెప్పండి.

వచ్చే సెలవులకు మీ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి. ఆ రాత్రి సంగతి ఆమె చెప్పదలచినంత వరకు, చెప్పదలచినప్పుడు విని రాసుకోండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆమెనే చూపించమని అడగండి. పాత ఇల్లు లేకపోయినా ఆ ఎత్తు ఆమె కంటికి తెలుసు. ఇంటి గోడ మీద ఆమె చెయ్యి చూపించిన చోట చెరగని రంగుతో ఒక గీత గీయించి, పక్కన 19-11-1977 అని రాయించండి. మీ పిల్లలు దాని కింద నిలబడి, ఆ గీత తమ తలల కంటే ఎంత పైన ఉందో చూసుకుంటారు.